నల్ల అద్దాల కార్లకు చలాను చాలదు, ఫిల్మ్ ఊడదీయించండి: రవాణా శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడంపై, రాజీవ్ రహదారి పక్కనున్న మా పట్టణవాసులు చాలాకాలంగా వినతిపత్రాలు ఇస్తున్నారు. వాటికి వచ్చే సమాధానాలన్నీ ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అన్న ఒక్క వాక్యంతోనే ముగుస్తున్నాయి. ఎవరికి పంపారో, అందుకున్నవారు ఏమి చేశారో చెప్పే రెండో వాక్యం ఏ కాగితంలోనూ లేదు. అందుకే ఈ లేఖను నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది.

ముందు, వెనుక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం కాంతి ప్రసరించాలన్న, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన మీకు మేము చెప్పవలసింది కాదు. కార్ల అద్దాలపై నల్ల ఫిల్మ్‌ను నిషేధిస్తూ అవిషేక్ గోయెంకా కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ మీ శాఖకు కొత్త కాదు. చలాను రాయడంతో సరిపెట్టకుండా ఫిల్మ్‌ను అక్కడికక్కడే తొలగించాలని కూడా ఆ కోర్టే చెప్పింది. మా పట్టణంలో ఆ ఆదేశంలోని మొదటి సగం అప్పుడప్పుడు, స్పెషల్ డ్రైవ్ పేరిట, ఫొటోగ్రాఫర్లు ఉన్నప్పుడు అమలవుతుంది. రెండో సగం అమలైనా, పొద్దున ఊడదీసిన ఫిల్మ్ సాయంత్రానికి అదే కారుకు అదే దుకాణంలో మళ్లీ అతుక్కుంటుంది.

ఇది కేవలం నేరగాళ్లు కార్లలో దాక్కునే సమస్య అని అధికారులు అనుకుంటున్నట్టున్నారు. మా బాధ అది కాదు, రోజూ రోడ్డు మీద పడేది. సిగ్నల్ లేని కూడలిలో రోడ్డు దాటే మనిషి కారు వంక చూడడు, డ్రైవరు ముఖం వంక చూస్తాడు. అతను తనను గమనించాడా, ఆగుతాడా, ఫోన్లో మాట్లాడుతున్నాడా అన్నది ఆ ముఖమే చెబుతుంది. నల్ల అద్దంలో కనిపించేది దాటబోయేవారి ముఖమే. స్కూటీ మీద వెళ్లేవారికి ఆగి ఉన్న కారులో ఎవరైనా కూర్చున్నారా, తలుపు తెరవబోతున్నారా అన్నది ఫిల్మ్ లేకపోతే ముందే తెలుస్తుంది. ఉంటే, తలుపు వచ్చి హ్యాండిల్‌కు తగిలాక తెలుస్తుంది. మామూలు కారు వెనక వెళ్తుంటే దాని అద్దాల్లోంచే ఆ ముందు లారీ బ్రేకు దీపాలు కనబడి మనమూ నెమ్మదిస్తాము. నల్ల కారు వెనక పడితే దారి మధ్యలో గోడ లేచినట్టే.

ఇక లోపల ఉన్నవారి సంగతి. హెడ్‌లైట్ల వెలుగు ముందుకే గాని పక్కకు పడదు. సైడ్ మిర్రర్‌ను చూడవలసింది కూడా పక్క అద్దంలోంచే. వీధి దీపాలు వెలగని చోట, కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ పక్కన, ఆ నల్లని అద్దంలోంచి డ్రైవరుకు ఏమి కనబడుతుంది? రాత్రిపూట యూ టర్న్ తీసుకునే ముందు చాలామంది డ్రైవర్లు అద్దం దించి, తల బయటపెట్టి చూడడం మీరూ గమనించే ఉంటారు. కనబడదని వారికీ తెలుసు. (ఎండలు మాకూ ఉన్నాయి. అయితే ఆ ఎండను తలమీద మోస్తూ నడిచేవాడి ప్రాణం కంటే ఏసీ కారులో చల్లదనం ముఖ్యమా?)

ఫిల్మ్ అమ్మేవారు ఇప్పుడు 2024లో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పును చూపిస్తున్నారు. నిబంధనకు లోబడిన ఫిల్మ్ వేసుకోవచ్చని ఆ తీర్పు చెప్పిన మాట నిజమే. కానీ 70, 50 శాతాల లెక్కను అది మార్చలేదు. ఆ లెక్క ఫిల్మ్‌ది మాత్రమే కాదు, అద్దాన్నీ ఫిల్మ్‌నూ కలిపి చూడవలసినది. కంపెనీ బిగించిన అద్దమే 75 శాతం కాంతిని పంపేదైతే, దానిపై ‘చట్టబద్ధమైన’ 50 శాతం ఫిల్మ్ అంటించాక మిగిలేది 37.5 శాతమే. ఈ గుణకారం దుకాణదారుకు తెలియకపోవచ్చు, తనిఖీ చేసేవారికైనా తెలియాలి కదా. కాంతిని కొలిచే మీటరు లేకుండా కంటిచూపుతో నిర్ణయిస్తుంటే కారు యజమాని వాదిస్తాడు, కానిస్టేబుల్ ఫోన్ అందుకుంటాడు, అవతలి గొంతు విని కారును వదిలేస్తాడు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారికి దక్కిన మినహాయింపు, మా దగ్గర అద్దం మీద ఏదో ఒక స్టిక్కర్ ఉన్న ప్రతివారికీ దక్కుతోంది.

జరిమానా సంగతి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. 2022లో హైదరాబాద్‌లో ఖరీదైన కార్లను ఆపి నల్ల ఫిల్మ్‌కు రూ.700 వేశారని పత్రికల్లో చదివాము. పెండింగ్ చలాన్లపై 2023 డిసెంబరులో కార్లకు 60 శాతం రాయితీ ప్రకటించారు. ఆ లెక్కన రూ.700 కాస్తా రూ.280 అవుతుంది. వేల రూపాయలు పోసి ఫిల్మ్ వేయించుకున్న పెద్దమనిషికి ఇంతటి కఠిన శిక్ష విధించిన ప్రభుత్వ దయాగుణానికి మేము ఏ విధంగా కృతజ్ఞతలు తెలపాలి?

అయ్యా, మేము అడిగేది పెద్ద కోరిక కాదు. నిబంధనను అమలు చేయించండి. తనిఖీ బృందాలకు మీటర్లు ఇప్పించండి. పట్టుబడిన కారు ఫిల్మ్ ఊడిన తరువాతే కదలాలి. కార్లతో పాటు, నిబంధన మీరిన ఫిల్మ్ అంటించే దుకాణాలకూ నోటీసులు వెళ్లాలి. ప్రభుత్వ కార్యాలయాల ముందు ఆగి ఉండే కార్లతోనే ఈ తనిఖీ మొదలైతే, మిగతావారితో వాదించే శ్రమ కానిస్టేబుళ్లకు తప్పుతుంది. దయచేసి నిబంధనను అమలు చేయించండి.

వానలు మొదలైతే తడిసిన నల్ల అద్దంలోంచి పక్కన ఉన్నది మనిషో, స్తంభమో డ్రైవరు పోల్చుకోలేడు. ఆ లోపే జిల్లా అధికారులకు రాతపూర్వక ఆదేశాలు ఇచ్చి, వాటి ప్రతిని ప్రజలకు అందుబాటులో ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
రాజీవ్ రహదారి దాటి బజారుకు వెళ్లే ఒక పౌరుడు