అమ్మడికి, పర్మిట్ పుస్తకం గురించి

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

అమ్మడూ,

రాత్రి బి షిఫ్ట్ చేసొచ్చి నువ్వింకా లేవలేదు. లేపి చెబితే "సరే నాన్నా" అని మళ్లీ దుప్పటి కప్పుకుంటావు. అందుకే రాసి నీ క్యారేజీ సంచిలో పెడుతున్నాను. బస్సులో చదువుకో.

రాత్రి అన్నం తింటూ మీ అమ్మతో అన్నావు, "ఈరోజు ఆరు పర్మిట్ల మీద సంతకం పెట్టానమ్మా" అని. ఎంత సంబరంగా చెప్పావో! ఫ్యాక్టరీలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే సంతకం పెట్టే స్థాయికి వచ్చావని మీ అమ్మ మురిసిపోయింది. ప్రమాదమున్న పని మొదలుపెట్టొచ్చని రాసిచ్చే కాగితాలవి. "వెళ్లి చూసే పెట్టావా?" అని నేనడిగాను. "సార్ చూసేశార్లే నాన్నా, పుస్తకం నా టేబుల్ దగ్గరికే తెచ్చారు" అన్నావు. ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు. కడుపులో బాగోలేదని లేచిపోయాను కానీ సంగతి అది కాదు.

నీకు ఎప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

2006 ఎండాకాలం. నీకు మూడేళ్లు. నేను ఫిట్టర్‌గా చేస్తున్న ఫ్యాక్టరీలో ఒక రియాక్టర్, అంటే రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు, కడిగి, లోపల నైట్రోజన్ గ్యాస్ నింపి ఉంచారు. మేన్‌హోల్ దగ్గర లీకు రాకుండా వేసే గాస్కెట్ మారుస్తుంటే పాత ముక్క లోపల పడింది. దాన్ని తియ్యాలి. కాంట్రాక్టర్ తరఫున చీపురుపల్లి వైపు కుర్రాడు ఒకడుండేవాడు, హెల్పర్‌గా చేరి పన్నెండు రోజులు. సన్నగా ఉంటాడు, సులువుగా దూరతాడని వాణ్నే దిగమన్నారు. పర్మిట్ అప్పటికే వచ్చేసింది. ఆక్సిజన్ గడిలో 20.9 శాతం, అంటే మామూలు గాలిలో ఉండేంత, అని రాసి ఉంది. దాని ముందు పేజీలోనూ 20.9, అంతకు ముందు పేజీలోనూ 20.9. ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఆక్సిజన్ కొలిచే మీటర్ బ్యాటరీ అయిపోయి మూడు రోజులుగా స్టోర్ కిటికీలో పడి ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా టార్చి పట్టుకుని నిలబడ్డాను.

నిచ్చెన దిగాడు. ముక్క కోసం వంగాడు. వంగినవాడు అలాగే కూర్చుండిపోయాడు, బాగా అలిసిన మనిషి గోడకి ఆనుకున్నట్టు. అరవలేదు, దగ్గలేదు. పేరు పెట్టి పిలిచాను, తల ఎత్తలేదు. ఇంకో హెల్పర్ వాడి కోసం దిగబోతే బెల్టు పట్టుకుని నేనే వెనక్కి లాగాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను. లోపల ఊపిరి పీల్చుకోవడానికి వాడే బ్రీతింగ్ సెట్ వేరే బ్లాకు నుంచి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ టార్చి వెలుగులో వాడి నడినెత్తి కనపడుతూనే ఉంది.

షిఫ్ట్ అయ్యాక చూస్తే మేకుకి వాడి క్యారేజీ వేలాడుతోంది. అందరివీ ఒకేలా ఉంటాయని పిడికి నీలం దారం చుట్టుకున్నాడు. మూత తీశాను. చల్దన్నం, ఉల్లిపాయ, పక్కన కాస్త ఆవకాయ. కుళాయి దగ్గర కడిగి, మర్నాడు కేజీహెచ్ పెద్దాసుపత్రి మార్చురీ దగ్గర వాళ్లమ్మ చేతికిచ్చాను. ఆవిడ మూత తీసి, ఖాళీగా ఉండటం చూసి, "తిన్నాడేటి బావూ?" అంది. తిన్నాడమ్మా అన్నాను.

వారం తర్వాత విచారణ. "హెల్పర్ అనుమతి లేకుండా, తన నిర్లక్ష్యం వల్ల లోపలికి దిగాడు" అని టైపు చేసిన కాగితం నా ముందు పెట్టారు. సాక్షిగా సంతకం చేశాను. ఉద్యోగం పోతుందన్న భయం, ఇంటి లోను, చంకలో నువ్వు. అన్నీ నిజమే. కానీ ఆ సంతకం నాది.

కెమికల్ ఇంజినీరింగ్ చదివినదానివి, నైట్రోజన్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే పుస్తకంలో చదివినప్పుడు అక్కడ మనిషి ఉండడు. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడట్లేదన్న బాధ కూడా తెలియనివ్వదు. రెండు మూడు సార్లు పీల్చేసరికి స్పృహ పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకో రకం. కొంచెమే ఉంటే కుళ్లిన గుడ్డు వాసన, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. 2020 జూన్‌లో పరవాడ ఫార్మా ఫ్యాక్టరీలో ఇద్దరు పోయింది ఆ గ్యాస్‌తోనే. "వాసనేం రావట్లేదు మేడమ్" అని ఎవరన్నా అంటే ఇది గుర్తు తెచ్చుకో.

మన ఊరి సంగతి నీకు తెలియనిది కాదు. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో గ్యాస్ పేలి దాదాపు 60 మంది పోయిన రోజు మల్కాపురం మీద లేచిన పొగ నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. స్టీల్‌ప్లాంట్‌లో ఆక్సిజన్ యూనిట్ పేలి 19 మంది పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద కమ్మినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. సైరన్ ఉంది, మోగించలేదు. ప్రభుత్వం వేసిన కమిటీయే ఆ మాట చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డ్‌లో 70 టన్నుల క్రేన్ ట్రయల్ చేస్తుంటే కూలి 11 మంది పోయారు, ఎక్కువమంది కాంట్రాక్టు వాళ్లే. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న సాల్వెంట్ లీకై ఆవిరి పేలి 17 మంది. ప్రతిసారీ అదే వరస. మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, ఎంత ఇచ్చారన్నదే టీవీలో వార్త. ఆ ముందు రోజు ఏ వాల్వు సంగతి ఎవరు రిజిస్టర్‌లో రాశారు, దాన్ని ఎవరు పట్టించుకోలేదు అన్నది ఎవరూ అడగరు. నాకు కడుపు మండేది అక్కడే.

నేను పనిచేసిన రోజుల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాంట్లో 36వ సెక్షన్, రిటైరయ్యాక యూనియన్ ఆఫీసులో కూర్చుని చదివాను. మనిషిని పడగొట్టేంత గ్యాస్ ఉండే అవకాశమున్న ట్యాంకులోకి ఎవరినైనా దింపాలంటే, అర్హత ఉన్న వ్యక్తి తానే స్వయంగా పరీక్ష చేసి రాతపూర్వకంగా ఇవ్వాలి. లేదంటే దిగే మనిషికి బ్రీతింగ్ సెట్, నడుముకి తాడు, ఆ తాడు కొస పట్టుకుని బయట ఇంకొకరు ఉండాలి. తానే స్వయంగా! సార్ చూశారని నువ్వు, నువ్వు చూశావని సార్ అనుకోవడం కాదమ్మా.

నువ్వు చూస్తానంటే వాళ్లు విసుక్కుంటారు. కొత్తపిల్ల, ఓవరాక్షన్ అంటారు. బ్యాచ్ లేటవుతోంది, ప్రొడక్షన్ టార్గెట్ ఎవరు అందుకుంటారని అరుస్తారు. నీ మీద కోపం పెట్టుకుని అప్రైజల్‌లో మార్కులు తగ్గించవచ్చు కూడా. ఏమీ కాదని నీకు అబద్ధం చెప్పను. ఉద్యోగం పోయినా సరే, నా పెన్షన్ ఉంది, ఈ ఇంటి అప్పు తీరిపోయింది. అప్పుడు నాకు లేని ధైర్యం నీకుండాలని ఇప్పుడు అడగగలుగుతున్నది అందుకే. హెల్పర్లను పేరు పెట్టి పిలువు. లోపలికి దిగేవాడికి వాడి భాషలో చెప్పు. ఒడిశా కుర్రాళ్లుంటారు, తెలుగు బోర్డు చదవలేరు.

ఇవాళ రెండు గంటలకి షిఫ్ట్ ఎక్కగానే ముందు మీ మీటర్ చేతిలోకి తీసుకో. ఎవరి చేతా తెప్పించుకోకు. బయట గాలిలో నిలబడి ఆన్ చెయ్యి, 20.9 చూపించాలి. చూపించకపోతే ఈరోజు ఒక్క పర్మిట్ మీదా సంతకం పెట్టకు.

రాత్రి జంక్షన్‌లో బండి వేసుకుని ఉంటాను. బస్సు దిగగానే ఎంత చూపించిందో చెప్పు.

మీ నాన్న