ఎంజీఎంటీ పరీక్ష రిపోర్టుపై ఫిర్యాదు

విజయవాడ

ఫిర్యాదుల విభాగం మేనేజర్ గారికి,
డయాగ్నస్టిక్ ల్యాబ్ ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: కోరిన పరీక్షకు బదులు వేరే పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వడం, కణితి బ్లాకు తిరిగి పంపకపోవడం గురించి.

అయ్యా,

మా అన్నయ్యకు మెదడులో కణితి తీసిన తరువాత, గ్రేడ్ 4 గ్లయోమా (తీవ్రమైన మెదడు క్యాన్సర్) అని బయాప్సీలో తేలడంతో, డాక్టరు గారు ఎంజీఎంటీ అనే డీఎన్‌ఏ మరమ్మతు జన్యువు ప్రమోటర్ (జన్యువును పనిచేయించే భాగం) మీద మిథైలేషన్ (జన్యువును మూసివేసే రసాయన గుర్తు) ఉందా, ఐడీహెచ్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉందా అన్న పరీక్షలు రాశారు. కణితి ముక్కను మైనంలో భద్రపరచిన పారాఫిన్ బ్లాకును మీ కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చాము. మీ రసీదు మీద 'ఎంజీఎంటీ మిథైలేషన్' అనే ఉంది, డబ్బు కూడా ఆ పరీక్షకే కట్టించుకున్నారు. రంగుల కాగితం మీద వచ్చిన రిపోర్టులో మాత్రం 'ఎంజీఎంటీ: నెగెటివ్' అని ఒక్క ముక్క ఉంది, అట్టడుగున కళ్లు చికిలిస్తే తప్ప కనపడని అక్షరాలతో 'పద్ధతి: ఐహెచ్‌సీ' అని ఉంది.

ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) అంటే యాంటీబాడీతో కణాలకు రంగు పట్టించి చూసే పద్ధతి. అది చూసేది కణాల్లో ఎంజీఎంటీ ప్రోటీన్ ఉందా లేదా అన్నది. కణితిలో కలిసిపోయి ఉండే రక్తనాళాల కణాలు, తెల్ల రక్తకణాలు కూడా ఆ రంగు పట్టుకుంటాయి కనుక, దాన్ని బట్టి మిథైలేషన్ సంగతి తేల్చలేము. డాక్టరు గారు అడిగింది డీఎన్‌ఏ మీద చేయవలసిన పరీక్ష. ఎంజీఎంటీ జన్యువు ప్రమోటర్ మిథైలేట్ అయి మూతపడితే, టెమోజోలమైడ్ అనే కీమోథెరపీ మందు డీఎన్‌ఏకు చేసిన దెబ్బను కణితి కణం సరిదిద్దుకోలేదు. 2005లో మోనికా హెగీ బృందం ప్రచురించిన అధ్యయనంలో, మిథైలేషన్ ఉన్నవారిలో రేడియేషన్‌తో పాటు ఈ మందు తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 21.7 నెలలు, రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిది 15.3 నెలలు, మిథైలేషన్ లేనివారిలో అవి 12.7, 11.8 నెలలు మాత్రమే. ఇంత తేడా చెప్పే పరీక్షను వేరొకదానితో సరిపెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "నెగెటివ్ అంటే మిథైలేషన్ లేనట్టే సార్" అన్నారు. ప్రోటీన్ లేకపోవడం ఏదైనా సూచిస్తే, అది జన్యువు మూతపడి ఉండవచ్చునని, అంటే మిథైలేషన్ ఉండవచ్చునని. మీవారు చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు. ఆ మాట నమ్మి ఉంటే మందు వల్ల పెద్దగా ఫలితం ఉండదనే అనుకునేవాళ్లం.

ఐడీహెచ్ పరీక్షదీ అదే తీరు. ఆర్132హెచ్ అనే ఒక్క మార్పును పట్టే యాంటీబాడీతో చూసి 'మ్యుటేషన్ లేదు' అని ముగించారు. అది ఎక్కువ కేసులను పట్టుకున్నా, మిగతా మార్పులను పట్టలేదు. మా అన్నయ్య వయసు 46. 55 ఏళ్లలోపు వారికి ఈ పరీక్ష నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష) చేయాలన్న సంగతి మీ పాథాలజిస్టుకు తెలియనిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ మ్యుటేషన్ ఉన్న గ్రేడ్ 4 కణితిని గ్లయోబ్లాస్టోమా అనకూడదు, ఆస్ట్రోసైటోమా అనాలి. రెండింటిలో ముందు ముందు రోగి పరిస్థితి ఎలా ఉంటుందన్న అంచనా కూడా వేరు.

కాబట్టి రెండు పరీక్షలనూ డీఎన్‌ఏ పద్ధతిలో, అదనపు రుసుము లేకుండా చేసి, పద్ధతి, కణితి కణాల శాతం స్పష్టంగా రాసిన సవరించిన రిపోర్టు ఇవ్వగలరు. అది మీ ల్యాబులో వీలుకాకపోతే, కట్టిన సొమ్ముతో పాటు బ్లాకునూ స్లైడ్లనూ వెంటనే తిప్పి పంపండి. ఇప్పటికి చాలా ముక్కలు కోసేసి ఉంటారు కనుక, మిగిలిన కాస్త కణజాలాన్ని ఇకపై మా అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. రేడియేషన్ మొదలుపెట్టే సమయం దగ్గర పడుతోంది కనుక, వారం లోపల లిఖితపూర్వక జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాము.

భవదీయుడు,
రోగి తమ్ముడు

జతపరిచినవి: డాక్టరు చీటీ, రసీదు, రిపోర్టు నకళ్లు.