సంక్రాంతి దాకా కొత్త ఆర్డర్లు లేవు. అసలు ఫోటో పంపకపోతే ఆ తర్వాత కూడా లేవు

అందరికీ నమస్కారం.

నల్లకుంటలో మా మేడ మీద గదిలో కూర్చుని కలర్ పెన్సిళ్ళతో మనుషుల బొమ్మలు వేస్తానని మీకు తెలుసు. అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళకు, ధర అడిగి ఊరుకున్నవాళ్ళకు, "అక్కా, జర జల్దీ చెయ్యవా" అని రోజూ మెసేజ్ పెట్టేవాళ్ళకు విడివిడిగా జవాబులు రాస్తుంటే పెన్సిల్ పట్టుకునే టైమే దొరకడం లేదు. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

సంక్రాంతి దాకా కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళ బొమ్మలు వరసలోనే ఉన్నాయి, టెన్షన్ పడకండి. సంవత్సరీకం తేదీ ముందే చెప్పినవాళ్ళవి ఆ తేదీకి ఇచ్చేస్తాను. పుట్టినరోజు కానుకలు మాత్రం కొన్ని వెనక్కి జరుగుతాయి. ఎవరివి జరుగుతాయో వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. ధరలు కూడా పెంచుతున్నాను, ఆ లెక్క కింద ఉంది. ఇక చాలామందికి నచ్చని సంగతి ఒకటుంది. ఏఐ యాప్‌లో వేసి శుభ్రం చేయించిన ఫోటో చూసి ఇకమీదట బొమ్మ వేయను. ఎక్కువ గొడవ దీని మీదే జరుగుతోంది కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

నాకు వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా చనిపోయిన అమ్మానాన్నలవి, అమ్మమ్మలు, తాతయ్యలవి. పటం కట్టించి హాల్లో పెట్టుకోవడానికి వేయించుకుంటారు. చాలా ఇళ్ళలో మిగిలింది ఒక్కటే ఫోటో. పాత రేషన్ కార్డు మీదదో, ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో నిలబడి దిగిందో అయ్యుంటుంది. దాన్ని ఫోన్‌లో తీసి, ఏదో యాప్‌లో వేసి, "ఇదిగో అక్కా, క్లియర్‌గా చేయించాం" అని పంపుతారు. నిజంగానే క్లియర్‌గా ఉంటుంది, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కాకపోతే ఆ కళ్ళు వాళ్ళ నాన్నవి కావు.

గ్రూప్ ఫోటోలో వెనక నిలబడ్డ మనిషి కన్ను ఉన్నచోట నిజానికి నాలుగైదు మచ్చలు తప్ప ఏమీ ఉండవు. యాప్ ఆ మచ్చల్లోంచి కన్నును బయటికి తీయలేదు. అంతకుముందు చూసిన లక్షల ముఖాలను బట్టి, ఇక్కడ ఇలాంటి కన్ను ఉండొచ్చని ఊహించి కొత్తది గీస్తుంది. ఆ ఊహ ఎప్పుడూ సగటు వైపుకే పోతుంది. ఒక పక్కకు వాలిన కనుబొమను సమం చేస్తుంది, కొంచెం వంకరగా ఉన్న ముక్కును తిన్నగా చేస్తుంది, పంటి మీద పన్నుంటే సర్దేస్తుంది. పోలికంతా ఉండేది ఆ వంకరల్లోనే కదా.

ఈమధ్య ఒకావిడ వాళ్ళ అమ్మగారి ఫోటో అలాగే పంపారు. చర్మం నున్నగా ఉంది, రెండు కళ్ళూ ఒకే సైజులో ఉన్నాయి. అసలు ఫోటో అడిగి తెప్పించుకున్నాను. చూస్తే బుగ్గల మీద గుంటలు ఉన్నాయి, ఎడమ కన్ను సగం మూసి ఉంది. ఫోన్ చేసి అడిగితే, "అమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందండీ, ఆ కన్ను అలాగే ఉండేది" అన్నారు. కాసేపాగి, "అలాగే వేయండి" అన్నారు. అలాగే వేశాను.

ఫోటోలకు మెరుగులు దిద్దడం కొత్తేమీ కాదనుకోండి. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన కాలంనాటికే మన దేశంలో నలుపు తెలుపు ఫోటోల మీద చేత్తో రంగులు వేసేవాళ్ళు. ఆ తర్వాత కూడా చాలాకాలం స్టూడియోల్లో నెగటివ్ మీదే సన్నటి పెన్సిల్‌తో దిద్దేవాళ్ళు. నెగటివ్ మీద పెన్సిల్ పడ్డచోట ప్రింటు తెల్లబడుతుంది కాబట్టి కంటి కింద నలుపు, ముడతలు అలా పోగొట్టేవాళ్ళు. కానీ దిద్దే మనిషి ముందు ఆ ముఖం స్పష్టంగా పడిన నెగటివ్ ఉండేది. యాప్‌కు అది లేదు, నాకూ లేదు. నాకున్నది మీరు పంపే ఆ ఒక్క మసక ఫోటో, మీ జ్ఞాపకం. ఫోటోలో కనపడనిదాన్ని నేను కూడా మసగ్గానే వదిలేస్తాను. పెన్సిల్‌తో ఆ పని చక్కగా కుదురుతుంది.

దీనికి ముడిపడిన ఇంకో గొడవ ఒంటి రంగు. "కొంచెం కలర్ తేల్చండి మేడమ్" అని అడగనివాళ్ళు తక్కువ. పెళ్ళికూతురి బొమ్మకైతే తప్పకుండా అడుగుతారు, చనిపోయిన నానమ్మ బొమ్మకు కూడా అడుగుతారు. చామనఛాయ మనిషిని తెల్లగా వేయను. ఇది ముందే చెప్తున్నాను కాబట్టి తర్వాత అలక వద్దు.

నేను ఎక్కువగా వాడేవి ఫేబర్-కాస్టెల్ వాళ్ళ పాలీక్రోమోస్ పెన్సిళ్ళు. జర్మనీలో 1908 నుంచి తయారవుతున్నాయి, పెట్టెలో 120 రంగులు ఉంటాయి. అందులో ఒకటి ఇదివరకు మీడియం ఫ్లెష్ అనే పేరుతో వచ్చేది. పేరుకు ఒంటి రంగే గానీ, ఉత్త గులాబీ. మన ముఖాల మీద అది కింది పెదవి తడి మెరిసేచోట, కంటి మూల దగ్గర తప్ప పనికిరాదు. మన ఛాయకు నేను వాడేవి బర్న్ట్ ఓకర్, బర్న్ట్ సియెనా, వాల్‌నట్ బ్రౌన్. నీడ పడ్డచోట నలుపు వేస్తే ముఖం చచ్చిపోతుంది. అక్కడ ముదురు ఇండిగో ఒక పొర వేసి, మీద గోధుమ రంగు వేస్తే చర్మం కింద రక్తం ఉన్నట్టు కనపడుతుంది.

ఈ ధైర్యం నాకు తోట వైకుంఠం గారి బొమ్మలు చూసి వచ్చింది. ఆయనది కరీంనగర్ వైపు బూరుగుపల్లి. ఆయన వేసే తెలంగాణ ఆడవాళ్ళు ముదురు ఛాయలో, నిండైన ఒంటితో, ఇంత పెద్ద బొట్టుతో, ఎర్రటి, పసుపుపచ్చటి చీరల్లో ఉంటారు. ఆ ఛాయ వల్లే ఆ ఎరుపు అలా వెలుగుతుంది. కె. లక్ష్మా గౌడ్ గారి ఎచింగుల (లోహపు పలక మీద గీసి అచ్చు తీసే బొమ్మల) దగ్గర నేర్చుకున్నది వేరే. మనిషి చర్మమైనా, మేక వెంట్రుకలైనా ఆయన గీత మీద గీత వేసుకుంటూ పోతారు. పెన్సిల్ పట్టుకున్నవాళ్ళు ఆ గీతల ముందు ఒక పూట నిలబడితే మంచిది.

నలుపు తెలుపు ఫోటో అయితే ఛాయ ఎలా తెలుస్తుందని అడుగుతుంటారు. ఫోటోలో ఉన్నవాళ్ళ ఛాయ ఇంట్లో ఎవరికి వచ్చిందో చెప్పమంటాను. ఆ మనిషిని పొద్దున పూట కిటికీ పక్కన కూర్చోబెట్టి, లైటు ఆపేసి ఒక ఫోటో తీసి పంపమంటాను. చీర సంగతీ అంతే. బీరువాలో ఆ చీర ఇంకా ఉంటే కొంగు ఫోటో పంపండి. పోచంపల్లి చీరలంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. ఆ చెదురు కలర్ పెన్సిల్‌కు సులువుగా వస్తుంది. జరీ అంచు అలా కాదు. గోల్డ్ పెన్సిల్ వేస్తే అట్ట కిరీటంలా ఉంటుంది. పసుపు, గోధుమ, మధ్యలో కాగితం తెలుపు వదులుతూ పోగు పోగుకూ గీయాల్సిందే.

తెల్ల చీర అన్నిటికంటే కష్టం. తెల్ల కాగితం మీద తెల్ల చీర అంటే వేసేదంతా నీడలే. లేత బూడిద, లేత నీలం, ఎక్కడో ఒకచోట కాస్త గంధం రంగు. తెల్ల చీర బొమ్మ చేతిలో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళి వెయిల్డ్ రెబెక్కా ముందు నిలబడతాను. బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్ జంగ్ 1876లో ఇటలీలో కొన్నారు. ముసుగు కూడా రాయే, దాని కింద ముఖం కూడా రాయే. ముసుగు మడత ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ కరిగిపోయింది అని చూస్తే చాలు, నా చీర కొంగు సగం అర్థమైపోతుంది. ఆదివారం మాత్రం వెళ్ళకండి, సెల్ఫీల గుంపులో ఏమీ కనపడదు.

"పెన్సిల్ బొమ్మకు ఇన్ని వారాలా?" అనేవాళ్ళ కోసం రెండు మాటలు. పెయింటు అయితే తప్పు మీద ఇంకో పూత వేయొచ్చు. ఇక్కడ కాగితం గరుకే మనకున్న ఆస్తి. ఆ గరుకులో రంగు పొడి చిక్కుకోవాలి. ముందే నొక్కి వేస్తే గరుకు చదునైపోయి మీద ఇంకో పొర ఎక్కదు. అందుకని చెయ్యి తేల్చి, లేత రంగు నుంచి ముదురు రంగుకు పొర మీద పొర వేసుకుంటూ పోవాలి. బుగ్గ మీద పది పొరలు మామూలే. నెరిసిన వెంట్రుకలైతే రంగు వేయకముందే మొద్దు సూదితో కాగితం మీద గాడి పెడతాను. తర్వాత పైన ఎంత నల్ల రంగు రుద్దినా ఆ గాడిలోకి దిగదు, తెల్లగా మిగిలిపోతుంది. అంటే తల ఎలా నెరిసిందో మొదటిరోజే తెలియాలి. చివర్లో "నాన్నకు ఇంత తెల్ల జుట్టు లేదక్కా" అంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. స్కెచ్ పంపినప్పుడే ఇంట్లో అందరికీ చూపించండి, ముఖ్యంగా మేనత్తలకు. ఎక్కువ అభ్యంతరాలు వాళ్ళ దగ్గర్నుంచే వస్తాయి.

ఇక రాణీ కలర్. పెళ్ళి ఫోటోల్లో సగం చీరలు ఆ రంగే. పెన్సిళ్ళలో గులాబీలు, ఊదాలు త్వరగా వెలిసిపోయే జాతి. పాలీక్రోమోస్ మీద నక్షత్రాలు ముద్రిస్తారు, మూడుంటే బాగా నిలిచే రంగని అర్థం. నేను ఆ నక్షత్రాలను నమ్మి ఊరుకోను. ప్రతి గులాబీనీ కాగితం ముక్క మీద రుద్ది, సగం నల్ల అట్టతో కప్పి, పడమటి కిటికీలో వేసవంతా పెడతాను. వెలిసినవి నా చిత్తు పుస్తకానికే పరిమితం. అందుకే నా బొమ్మలో రాణీ కలర్ మీ చీరంత మెరవదు, ఒక మెట్టు తక్కువుంటుంది. కానీ మీ పిల్లలు పెద్దయ్యేసరికి బూడిద రంగులోకి దిగకుండా ఉండేది ఆ ఒక మెట్టు తగ్గించినదే. మీరు కూడా పటాన్ని ఎండ పడే గోడకు తగిలించొద్దు. అద్దం బొమ్మకు ఆనకుండా మధ్యలో మౌంటు (చుట్టూ అట్ట అంచు) పెట్టమని ఫ్రేముల షాపులో గట్టిగా చెప్పండి. మన వానాకాలం చెమ్మకు అద్దానికి అతుక్కుంటే ఊడదీయడం నా వల్ల కూడా కాదు.

ఇప్పుడు డబ్బుల మాట. "2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్ళ మీద జీఎస్టీ తీసేశారు కదా, మీరెందుకు పెంచుతున్నారు?" అని ముగ్గురు నలుగురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 12 శాతం ఉన్నది సున్నా అయింది, నిజమే. కానీ నా పెన్సిళ్ళు జర్మనీవి. తెలుపుకు, కొన్ని లేత రంగులకు స్విట్జర్లాండ్ వాళ్ళ కారన్ డాష్ ల్యూమినన్స్ వాడతాను, అవి ఇంకా ఖరీదు. అదే ఏడాది యూరో నూరు రూపాయలు దాటింది. పైగా దిగుమతి సుంకం, కొరియర్. పన్నులో మిగిలింది అక్కడ పోయింది. ఈ పెన్సిళ్ళ లోపలి కడ్డీ మైనం, నూనె, రంగు పొడి కలిపి చేసింది. మామూలు పెన్సిల్ కడ్డీలా కొలిమిలో కాల్చింది కాదు. ఒకసారి కింద పడితే లోపల ముక్కలవుతుంది. తర్వాత మెండర్‌లో పెట్టిన ప్రతిసారీ మొన ఊడి వస్తూనే ఉంటుంది. మా ఇంట్లో పిల్లి ఉంది. అంతకంటే చెప్పను.

అయినా నిజం చెప్పాలంటే పెన్సిళ్ళ ఖర్చు చిన్నది. నేను ధర పెంచేది ముఖ్యంగా నా టైమ్‌కు. ఎ4 సైజులో ఒక ముఖం ఇప్పటిదాకా 8,000 రూపాయలు, సంక్రాంతి తర్వాత 10,000. ఎ3లో ఇద్దరు ఉంటే 22,000. పట్టుచీర నిండుగా కనపడితే ఇంకో 3,000. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకు పాత ధరే. నా సంపాదన జీఎస్టీ పరిధిలోకి రాదు కాబట్టి పైన ఏ పన్నూ వేయను. బేరాలు మాత్రం వద్దు, నాకు బేరమాడటం రాదు, ఒప్పేసుకుని తర్వాత ఏడుస్తాను.

ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్లు తక్కువ తీసుకుంటాను. ఎండకు మైనం పెన్సిళ్ళు మెత్తబడి రంగు ముద్దగా పడుతుంది, అందుకని పొద్దున తొమ్మిది లోపే ముఖాల పని అయిపోవాలి. మిగతా పూట నా సొంత బొమ్మలు వేసుకుంటాను. రెండేళ్ళుగా అవన్నీ మన హైదరాబాద్ రాళ్ళే. ఖాజాగూడ వైపు, మౌలాలి దగ్గర ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే గుండ్లు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ గ్రానైట్. దూరం నుంచి బూడిద రంగే అనిపిస్తుంది గానీ, దగ్గరికి వెళ్తే గులాబీ ఫెల్డ్‌స్పార్, తెల్లటి క్వార్ట్జ్, నల్లటి మైకా రేణువులు. మనుషులకు పనికిరాని మీడియం ఫ్లెష్ పెన్సిల్ ఈ రాళ్ళ మీదే అరిగిపోతోంది. వీటితో ఈసారి క్యాలెండర్ వేయిస్తున్నాను. డిసెంబరు మొదటివారంలో వస్తుంది, ధర 450. ఎవరికీ వద్దంటే నేనే ప్రతి గదికీ ఒకటి తగిలించుకుంటాను.

ఆదివారం బొమ్మల క్లాసు మామూలే. పిల్లలకు ఖరీదైన పెట్టెలు కొనకండి. పన్నెండు రంగుల మామూలు పెట్టె చాలు, కాగితం మాత్రం కాస్త మందంగా ఉండాలి.

ఫోటోలు ఎలా పంపాలో చెప్పి ఆపేస్తాను. ఒరిజినల్ ఫోటోను ఫ్రేములోంచి బయటికి తీసి, అద్దం లేకుండా, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో తీయండి. వీలైతే దగ్గర్లో జిరాక్స్ షాపులో 600 డీపీఐకి స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపండి. యాప్‌లో చేయించింది కూడా పంపాలనిపిస్తే పంపండి, చూస్తాను. కానీ బొమ్మ మాత్రం మొదటిదాన్ని చూసే వేస్తాను.