రాత్రి రెండు గంటలకు కూడా మత్తు డాక్టర్ కావాలి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా చెల్లెలి మొదటి కాన్పు రాత్రి నేను లేబర్ రూంలో దాని పక్కనే ఉన్నాను. మంచం కడ్డీని గట్టిగా పట్టుకుని పట్టుకుని దాని అరచేతుల్లో ఎర్రటి చారలు పడ్డాయి. రాత్రి రెండు గంటలప్పుడు, "నొప్పి తెలియకుండా వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారట కదా అక్కా, ఇమ్మని అడుగు" అంది. వెళ్లి అడిగితే సిస్టర్, "మత్తు డాక్టర్ గారు పొద్దున తొమ్మిదికి వస్తారమ్మా. అందరూ ఇలా కన్నవాళ్లేగా, కాస్త ఓర్చుకోమనండి" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆరు మంచాలకు ఆవిడ ఒక్కరే. పాప ఐదున్నరకు పుట్టింది.

ఆ మాట మాత్రం ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. పన్ను పీకాలన్నా చిగురు మొద్దుబారేదాకా ఆగుతారు. పురిటి నొప్పుల దగ్గరికొచ్చేసరికి ఓర్చుకోవడమే మందు అయిపోతోంది.

మా చెల్లెలు అడిగిన ఆ వెన్ను ఇంజెక్షన్ పేరు ఎపిడ్యూరల్. అది నిన్న మొన్న వచ్చింది కాదు. నడుం దగ్గర వెన్నెముక మధ్య నుంచి మత్తుమందు ఇచ్చే ఈ పద్ధతి గురించి స్పెయిన్ సర్జన్ ఫిడెల్ పాజెస్ 1921లోనే రాశారు. ఇప్పుడు వెన్నుపాము పొరకు బయట ఒక సన్నని గొట్టం ఉంచి, తక్కువ మోతాదులో మందు పంపిస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ తొలి ఏడుపు వింటుంది. నొప్పి తగ్గించమని అడిగే ఆరోగ్యవంతులైన గర్భిణులకు దీన్ని ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది.

"జీవితాంతం నడుం నొప్పి వస్తుంది", "ఆపరేషన్ తప్పదు" అని భయపెట్టేవాళ్లు చాలామంది. పరిశోధనలు ఈ రెండింటినీ సమర్థించలేదు. అలాగని ఇబ్బందులే లేవని నేను అనను. బీపీ పడిపోవచ్చు, దురద రావచ్చు, బిడ్డను బయటికి తోసే సమయం కొంత పెరగవచ్చు. నూటికి ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది. రక్తం సరిగా గడ్డకట్టని వాళ్లకు ఇవ్వకూడదు. అందుకే మందు సీసాలు కొని పంపితే సరిపోదు. తల్లి బీపీని, బిడ్డ గుండె చప్పుడును గమనించే మనిషి కావాలి. ఏదైనా తేడా వస్తే వెంటనే అందుకునే మత్తు డాక్టర్ ఆసుపత్రిలోనే ఉండాలి, పగలూ రాత్రీ. నొప్పులు టైం చూసుకుని రావు కదండీ.

కాన్పులు చేసే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ముందుగా ఆ పోస్టులు మంజూరు చేసి, భర్తీ చేయించండి. ఇంకొకటి. ఎపిడ్యూరల్ గురించి గర్భిణులు నెలనెలా చెకప్‌కు వచ్చినప్పుడే చెప్పించండి. నొప్పి మీద నొప్పి వస్తున్నప్పుడు కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే ఎవరు మాత్రం ఆలోచించగలరు? వద్దనుకునేవాళ్లు వద్దంటారు, అది వాళ్ల ఇష్టం.

మా చెల్లెలికి ఇప్పుడు మళ్లీ ఏడో నెల. మొన్న చెకప్‌లో అది డాక్టర్ గారిని అడిగిన మొదటి మాట, "రాత్రిపూట మత్తు డాక్టర్ ఉంటారా?" అని. కనుక్కుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక అక్క