చిలుము పట్టిన నాణేన్ని చింతపండుతో తోమొద్దు

సంపాదకులకు,

ఆ మధ్య మా బంధువుల ఇంట్లో పునాది తవ్వుతుంటే ఓ రాగి బిళ్ల దొరికింది. నేను వెళ్లేసరికే చింతపండు, ఉప్పు వేసి చెంబు తోమినట్టు తోమేశారు. తళతళా మెరుస్తోంది గానీ దాని మీద బొమ్మ లేదు, అక్షరం లేదు, ఏ రాజుదో ఇక ఎవరూ చెప్పలేరు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మన నెల్లూరుకి ఇది కొత్త కాదండీ. 1780ల్లో ఇక్కడికి దగ్గర్లోనే ఓ రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు అడ్డం తగిలాయి, తవ్వితే చిన్న గుడి, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు. ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి, ముప్పై చిల్లర మాత్రం నవాబు తెప్పించుకున్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ దీని గురించి ఓ ఉత్తరం రాయబట్టి మనకీ సంగతి తెలిసింది. వాటిలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టీనా రాణివీ ఉన్నాయి.

ఈ ఫాస్టీనా చనిపోయాక రోమన్లు ఆమెను దేవతను చేసి, జూనో దేవత పక్షి అయిన నెమలిని ఆమె నాణేల మీద వేశారు. కంచు నాణేల మీద బొమ్మలు ఇంకా బాగుంటాయి, ఎందుకంటే బిళ్ల పెద్దది. సెస్టెర్షియస్ అనే రోమన్ నాణెం పాతిక గ్రాముల దాకా తూగుతుంది, నిజానికి అది కంచు కూడా కాదు, రాగిలో జింకు కలిసిన మన ఇత్తడే. కలిగులా చక్రవర్తి వేయించిన ఓ నాణెం ఫొటో చూశాను. వెనకాల దండలు కట్టిన గుడి, ముందు బలిపీఠం, చక్రవర్తి తల మీద ముసుగు కప్పుకుని చేతిలో పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు, పక్కన బలికి తెచ్చిన ఎద్దు. నీరో నాణెం మీద జానస్ అనే దేవుడి గుడి తలుపులు మూసి ఉంటాయి, యుద్ధాలు లేనప్పుడే మూసేవారట, ఆ తలుపుల పైన కూడా మన గుమ్మానికి కట్టినట్టే దండ ఉంటుంది! రెండు వేల ఏళ్ల నాటి పూజ మన అరచేతిలో కనపడుతుంటే దాన్ని ఉప్పేసి రుద్దటానికి చేతులెలా వస్తాయి?

మదురై, కరూర్ వైపు క్రీ.శ. నాలుగో, ఐదో శతాబ్దాల నాటి చిన్న చిన్న రోమన్ రాగి నాణేలు చాలా దొరికాయి. అవి ముందే అరిగి ఉంటాయి, ఒక్కసారి తోమితే ఇక ఏమీ మిగలదు. ఆ పచ్చటి చిలుము కిందే బొమ్మ దాగి ఉంటుంది, దాన్ని ఎలా తీయాలో మ్యూజియం వాళ్లకు తెలుసు.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది దొరికితే కలెక్టరుకు చెప్పాలి. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు అందులో ఐదో వంతు కలిపి ఇస్తుంది. రాగి ముక్కకు అది ఏపాటి? అందుకే జనం చెప్పరు. ముందు ఆ లెక్క మార్చాలి. ఈలోగా నాణేలు దొరికాయని మీరు వార్త వేసిన ప్రతిసారీ కింద ‘కడగకండి, తోమకండి’ అని ఒక్క ముక్క వేయండి సార్.

— ఓ పాఠకుడు, కావలి