మన ఫోటోగ్రఫీ సంఘం వార్షిక నివేదిక – ఏడాదంతా బురదలోనే

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు జనరల్ బాడీలో ట్రెజరర్ గారు చదివేశారు, మళ్ళీ ఇక్కడ రాయట్లేదు. ఈ నివేదికంతా తడినేలల్లో వలసపక్షుల ఫోటోల గురించే, మనం ఏడాదంతా గొడవపడింది కూడా దాని గురించే కదా.

వాలి ఉన్న పక్షుల గుంపుని కావాలని లేపి తీసిన ఫోటోలు పోటీకి తీసుకోం అని కమిటీ తీర్మానం చేసింది. కొంతమంది సీనియర్లకి నచ్చలేదు, ఒక్కసారి లేపితే ఏం పోతుంది అన్నారు. ఏం పోతుందో చెప్తాను. 2022లో ఒక గాడ్‌విట్ (పొడవు ముక్కుతో బురదలో తిండి వెతుక్కునే వలసపక్షి) పిల్ల, పుట్టి కొన్ని నెలలే, అలాస్కాలో బయల్దేరి 11 రోజులు ఎక్కడా వాలకుండా టాస్మానియా దాకా ఎగిరింది, మొత్తం 13,560 కిలోమీటర్లు, ఒంటికి శాటిలైట్ ట్యాగ్ ఉంది కాబట్టి తెలిసింది. అంత ప్రయాణానికి పెట్రోలు ఒంట్లో కొవ్వే, అది పట్టాలంటే ఆటుకి బురద బయటపడ్డ ఆ కాసేపట్లోనే పురుగులూ నత్తలూ ఏరుకు తినాలి, పోటొస్తే ఒడ్డున రెస్ట్ తీసుకోవాలి. మనం లేపినప్పుడల్లా తినే టైమూ పోతుంది, దాచుకున్న కొవ్వూ ఖర్చవుతుంది. అందుకని తీర్మానంలో మార్పేం లేదు.

ఫీల్డ్ సెషన్లు బాగానే జరిగాయి. పోటు ఎక్కకముందే వెళ్ళి బురదలో బోర్లా పడుకుని కదలకుండా ఉన్నవాళ్ళ దగ్గరకి నీళ్ళే పక్షుల్ని తోసుకొచ్చాయి, వెంటపడినవాళ్ళకి తోకలు దొరికాయి. ఎండెక్కాక వేడిగాలికి ఎంత పెద్ద లెన్సైనా ఫోటో సాఫ్ట్‌గానే వస్తుంది, దానికి కెమెరా మార్చక్కర్లేదు, త్వరగా లేస్తే చాలు.

నాకు మాత్రం బాగా నచ్చినవి అవార్డు ఫోటోలు కాదు, కాలికి కట్టిన ఫ్లాగు (పరిశోధకులు గుర్తు కోసం పెట్టే చిన్న రంగు ప్లాస్టిక్ పట్టీ) కనపడే ఫోటోలు. తూర్పు ఆసియా-ఆస్ట్రలేషియా వలసదారిలో (అలాస్కా, సైబీరియాల నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా పక్షులు వెళ్ళే దారి) ఫ్లాగుల రంగుల్ని బట్టి ఆ పక్షికి ఎక్కడ కట్టారో చెప్పొచ్చు, మీద కోడ్ కూడా చదవగలిగితే అది ఏ పక్షో తెలిసిపోతుంది. ఏ కాలు, రంగుల్లో పైన ఏది కింద ఏది, మోకాలికి పైనా కిందా (మనం మోకాలు అనుకునేది నిజానికి చీలమండ, అది వేరే సంగతి) అన్నీ రాసుకోవాలి. ఫోటో బ్లర్ అయినా పర్లేదు, క్రాప్ చేయకుండా ఒరిజినల్ పంపండి.

వచ్చే ఏడాది పోటీలో ఫ్లాగు ఫోటోలకి విడిగా విభాగం పెడుతున్నాం. పాత హార్డ్ డిస్కుల్లో ఉన్నవి కూడా తేదీ, చోటు రాసి కార్యదర్శికి పంపండి, మెంబర్‌షిప్ రెన్యూవల్ కూడా అప్పుడే చేసేయండి.