కార్డు సరే, జాబితాలో పేరుందా అమ్ములూ

అమ్ములూ,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఒక కార్డు కూడా చూపించలేని వాళ్లు ఓటు వేయకపోతే ఏం పోయింది నాన్నా" అన్నావు. నేను నోరు తెరిచేలోపు ఆఫీసు కాల్ వచ్చిందని పెట్టేశావు. అమ్మ "వదిలెయ్యండి, చిన్నపిల్ల" అంది. 26 ఏళ్లకి చిన్నపిల్లేంటి! నాకు ఫోన్లో సరిగా మాట్లాడ్డం రాదు కాబట్టి రాస్తున్నా, పొడుగైతే పడుకునే ముందు చదువుకో.

నువ్వన్నదాంట్లో నిజం లేదని నేను అనను. 1989లో నా మొదటి ఎలక్షన్ డ్యూటీ. అప్పుడు కార్డుల్లేవు, బ్యాలెట్ కాగితాలు, ఇనప పెట్టె. పేరు పైకి చదివితే ఏజెంట్లు అవునంటే అవును, కాదంటే కాదు. మధ్యాహ్నం మూడింటప్పుడు ఒక ముసలావిడ వచ్చింది. పేరు చూస్తే అప్పటికే టిక్కు పడిపోయింది, ఆవిడ వేలి మీద మాత్రం సిరా చుక్క లేదు. ఎవరు వేశారో ఏజెంట్లందరికీ తెలుసనుకుంటా, అందరూ గోడకేసి చూస్తున్నారు. మా పీవో గారు, అంటే బూత్‌కి పెద్ద అధికారి, మంచాయన, రూలు ప్రకారం టెండర్ ఓటు ఇచ్చాడు. అది పెట్టెలో వెయ్యరు, విడిగా కవర్లో పెడతారు, రేపు ఎవరైనా కోర్టుకెళ్లి, కోర్టు తెరవమంటేనే దాన్ని చూస్తారు. ఆవిడ గుద్దిన కాగితం కవర్లోకి పోవడం చూసి "పెట్టెలో వెయ్యరా బాబూ?" అంది. వెయ్యరమ్మా అన్నాం. "మరెందుకూ" అనేసి వెళ్లిపోయింది.

అందుకే 1993లో అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ శేషన్ గారు ఫోటో ఓటరు కార్డులు ఇవ్వాల్సిందే అన్నప్పుడు సంతోషించినవాళ్లలో నేనొకణ్ణి. 1995 జనవరి 1 తర్వాత కార్డుల్లేకుండా ఎన్నికలే జరపనని ఆయన పట్టుబట్టాడు. కార్డు లేదని ఎన్నికే ఆపేస్తే జనం ఓటు హక్కు ఏం కావాలి అని కోర్టులో ఆ బెదిరింపు నిలవలేదు. మా బడి వరండాలో కెమెరా పెట్టి ఫోటోలు తీశారు. వచ్చిన కార్డుల్లో మీ తాతయ్య మొహం చూసి బామ్మే గుర్తుపట్టలేదు. అయినా దొంగ ఓట్ల సంగతిలో కార్డు వచ్చాక బూత్‌లో తేడా నా కళ్లతో చూశాను.

కాకపోతే ఆ కార్డు వల్లే ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఒక బూత్‌లో (ఊరు పేరు వద్దులే) ఒక రిక్షా ఆయన కార్డుని పాలకవర్లో చుట్టి జేబులోంచి తీశాడు. కార్డు అసలైనదే, ఫోటో ఆయనదే. జాబితాలో పేరు లేదు. "ఫోటోలో ఉన్నది నేనే కదయ్యా" అంటాడు. నిజమే, కానీ చట్టం ప్రకారం జాబితాలో పేరుంటేనే ఓటు, కార్డు నువ్వెవరో చెప్పడానికే. కార్డు ఇంట్లో మర్చిపోయినా ఆధార్, లైసెన్సు, పాన్, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, చివరికి ఉపాధి హామీ జాబ్ కార్డు చూపించినా వేయనిస్తారు. పేరు పోతే మాత్రం ఇవన్నీ కలిపి దండ గుచ్చి మెళ్లో వేసుకున్నా లాభం లేదు. 2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికలప్పుడు బ్యాడ్మింటన్ ఆడే గుత్తా జ్వాలకే పేరు లేకుండా పోయింది, గుర్తుందా? ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పాడు. ఆవిడ సంగతి టీవీలో వచ్చింది, మా రిక్షా ఆయనది రాలేదు.

కాబట్టి నువ్వు బూత్ గుమ్మం దగ్గర కార్డు గురించి వాదిస్తున్నావు, అసలు గొడవ జాబితా దగ్గర.

బీహార్‌లో 2025 జూన్‌లో మొదలెట్టిన ఓటర్ల జాబితా సవరణ చూడు. 7.89 కోట్ల ఓటర్లుంటే ఆగస్టు 1న ముసాయిదాకి 7.24 కోట్లు మిగిలారు. దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. చనిపోయినవాళ్లు, ఊరొదిలినవాళ్లు, రెండు చోట్ల ఉన్నవాళ్లు అన్నారు. అందులో చాలామంది నిజంగా అంతే అయ్యుంటారు, మన ఊరి జాబితాలో కూడా పోయిన మీ తాతయ్య పేరు మూడేళ్లు అలాగే ఉంది. శుభ్రం చెయ్యాల్సిందే. కానీ అడిగిన 11 రకాల కాగితాల్లో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఇన్నేళ్లూ చూపించమన్న ఓటరు కార్డే లేదు! పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ లాంటివి కావాలట. కూలికెళ్లే మనిషి దగ్గర ఇవి ఎందుకుంటాయి? తీసేసిన పేర్లూ కారణాలూ బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టులో చెప్పాల్సొచ్చింది, ఆధార్‌ని 12వ కాగితంగా తీసుకోమని సెప్టెంబరులో ఇంకోసారి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, ఆ మాట కోర్టు కూడా చెప్పింది. చివరి జాబితాలో 7.42 కోట్లు తేలాయి.

నువ్వేమో "అందరికీ ఆధార్ లింక్ చేసేస్తే సరి" అంటావు. 2015లో ఆ పని మొదలెట్టి, సుప్రీంకోర్టు ఆర్డరుతో ఆగస్టులో ఆపేశారు. 2021లో చట్టం మార్చి మళ్లీ తెచ్చారు. ఓటరు ఆధార్ నంబరు ఇవ్వడానికి పెట్టిన ఫారం 6బి చూస్తే ఆధార్ నంబరు ఇచ్చి తీరాల్సిందే అన్నట్టుంటుంది. దాని మీద తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు నిరంజన్ గారు కోర్టుకెళ్తే, తప్పనిసరి కాదని 2023లో ఎన్నికల సంఘమే ఒప్పుకుంది.

ఇక మీ సరోజత్త సంగతి. యానాం మన పక్కనే అయినా పుదుచ్చేరి కదా, బీహార్‌లో చేసిన ఆ సవరణ రెండో విడతలో 9 రాష్ట్రాలతో పాటు పుదుచ్చేరి కూడా ఉంది. 2025 నవంబరులో వాళ్లింటికి ఫారం వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి జాబితాలో నీ పేరైనా, మీ అమ్మానాన్నల పేరైనా ఎక్కడుందో చూపించమని. అత్త అప్పటికి యానాం వెళ్లలేదు. దాంతో సంచీ పట్టుకుని మనింటికొచ్చింది, నేనూ తనూ రెండు సాయంత్రాలు పాత జాబితా పీడీఎఫ్‌లు తిరగేశాం. మసక స్కాన్లు, వెతికితే దొరికే అక్షరాలు కావవి. పాత జాబితాలో అత్త "సరోజిని", ఆధార్‌లో "వెంకట సరోజిని", బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరం, రేషన్ కార్డులో మీ మావయ్య ఇంటిపేరు పూర్తిగా. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది, కంప్యూటరుకి వెనకుండాలి, ఆడవాళ్లకి పెళ్లితో అదీ మారిపోతుంది. ఒక మనిషి నలుగురైపోయింది. చివరికి తాతయ్య పేరు దొరికింది, వయసు పదేళ్లు తక్కువేసి. అత్త కళ్లజోడు తీసి నా వైపు చూసి, "ఇన్నిసార్లు ఓటేశాను కదరా, ఇప్పుడు నువ్వు మీ నాన్న కూతురివేనా అని అడుగుతున్నారా?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.

ఇది కొత్త కథేం కాదు. 1951-52లో మొదటి ఎన్నికల జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు పరాయి మనిషికి తమ పేరు చెప్పలేదు, ఫలానా ఆయన భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. పేరు లేనిదే ఓటు లేదని అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షల మంది పేర్లు పోయాయి. ఆయన దురుద్దేశంతో చేశాడని నేననుకోను, తర్వాతి ఎన్నికకి వాళ్లలో చాలామంది పేర్లు చెప్పారు కూడా. కానీ ఆ మొదటి ఓటు పోయింది కదా. రూలు పెట్టిన ప్రతిసారీ దెబ్బ తగిలేది ఇల్లు మారేవాళ్లకి, అత్తారింటికి వెళ్లినవాళ్లకి, కాగితం దాచుకునే బీరువా లేనివాళ్లకి. కార్డు చూపించమను, నేనే దగ్గరుండి అడుగుతాను. ఒకసారి పేరెక్కాక తీసెయ్యాలంటే మాత్రం కారణం చూపించాల్సింది ప్రభుత్వం, మీ అత్త కాదు.

నీ సంగతికొస్తే, బెంగళూరు వెళ్లి నాలుగేళ్లయింది, ఓటు ఇంకా ఇక్కడే ఉంది. ఇక్కడే ఉంచేస్తే ఎన్నికలకైనా వస్తావని అమ్మ ఆశ. రూలు ప్రకారం ఎక్కడ ఉంటే అక్కడే, కాబట్టి ఫారం 8 నింపి మార్చుకో. పెళ్లయినా ఇంటిపేరు మార్చుకోనన్నావు చూడు, ఆ రోజు నేను మొహం ముడుచుకున్నాను గానీ ఈ విషయంలో నువ్వే మేలు. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయి.

సరోజత్త పేరు ముసాయిదాలో వచ్చింది. ఈసారి ఒట్టి "సరోజ" అని.

నాన్న